ఎనిమిది రోజుల స్పీకర్లు

ఆ ఆదివారం ఉదయం పదింటికి జనగామలో మా అద్దె ఇంటి ముందు గదిలో ఉన్న మనుషులు నలుగురు: బాపు, అమ్మ, నా భార్య, నేను. ఉన్న వస్తువులు: పాత స్పీకర్ల జత ఒకటి, కొత్త స్పీకర్ల జత ఒకటి, ఆంప్లిఫయర్, ఒక జతను ఆపి ఇంకో జతను పలికించే స్విచ్చు డబ్బా, కొలత టేపు, ఎరుపు నలుపు తీగలు, స్పీకర్లు కనబడకుండా తాడు మీద వేలాడదీసిన అమ్మ పాత నేత చీర, పెన్సిలు, గళ్లు గీసిన కాగితాలు మూడు, టీ గ్లాసులు నాలుగు. చప్పుడు లేకుండా ఉండాలని ఫ్యాను ఆపేశాను, ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాను. కిటికీ కూడా మూయబోతే, పాటలు వినడానికి పిలిచి ఉడకబెడుతున్నావా అని అమ్మ సణిగింది. కిటికీ సగం మూశాను.

పరీక్ష ఉద్దేశం ఒక్కటే. హనుమకొండ దుకాణం నుంచి ఎనిమిది రోజుల గడువు మీద తెచ్చిన ఈ కొత్త స్పీకర్లు పాతవాటికంటే నిజంగా బాగున్నాయా, లేక ఖరీదైనవి కాబట్టి బాగున్నాయని నా చెవులే నన్ను నమ్మిస్తున్నాయా, అది తేలాలి. కంటికి ఏది పలుకుతోందో కనబడకూడదు. అందుకే చీర అడ్డం పెట్టాను. ధర ఇక్కడ రాయను. నా మూడు నెలల జీతం అనుకుంటే చాలు.

నేను విద్యుత్ సబ్‌స్టేషన్‌లో పని చేస్తాను. గంటకొకసారి మీటర్లు చూసి పుస్తకంలో రాయడం నా ఉద్యోగంలో భాగం. ఆ అలవాటు ఇంటికి కూడా నాతో వచ్చేసింది. గ్యాసు బండ ఏ తేదీన పెట్టామో, నీళ్ల ట్యాంకు ఎన్ని నిమిషాల్లో నిండుతుందో నా దగ్గర రాసి ఉంటుంది. నా భార్య బడిలో లెక్కలు చెబుతుంది. అంకెలంటే తనకూ గౌరవమే, కానీ టీలో పంచదార ఎన్ని చెంచాలో రాసిన కాగితం కనబడినప్పుడు మాత్రం వారం రోజులు నవ్వింది.

కొత్తవి కొనాలన్న ఆలోచన కూడా రాసిపెట్టిన అంకెల నుంచే వచ్చింది. మా ఆంప్లిఫయర్ వాల్యూమ్ మీట చుట్టూ సున్నా నుంచి పది వరకు గీతలుంటాయి. రోజూ సాయంత్రం ఆరున్నరకు బాపు పాత పాటలు పెట్టుకుని ఒక గంట వింటాడు. రెండేళ్ల కిందట మీట మూడు దగ్గర ఉండేది. ఏడాది కిందట నాలుగున్నర. ఈ వేసవికి ఆరు. స్పీకర్లు తేటదనం కోల్పోతున్నాయి కాబట్టి బాపు వాల్యూమ్ పెంచుకోవలసి వస్తోందని నేను తేల్చాను. విప్పి చూస్తే ఎడమ స్పీకరు అంచు ఒక సెంటీమీటరు మేర చిట్లి కూడా ఉంది. ఋజువు దొరికిందనుకున్నాను.

నా నోట్‌బుక్‌లో కొనడానికి ఏడు కారణాలు రాశాను, వద్దనడానికి ఐదు. అంచు చిట్లడం, గది కొలతలు, ఆంప్లిఫయర్ సామర్థ్యం, ఇలాంటివి. ఎనిమిదో కారణం రాయలేదు. బాపు ఆ ఒక్క గంటైనా సుఖంగా వినాలి, అది. రాయడానికి అదేదో లెక్కలోకి రానిదిలా అనిపించింది.

మా ఇంట్లో మాటలు తక్కువ. ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. అమ్మది గూడూరు దగ్గర ఊరు. బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తుకునేది అమ్మే, మిగతా ఆడవాళ్లు అందుకునేవారు. నాలుగేళ్ల కిందట మెడలో గడ్డకు ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, గొంతు సన్నబడింది. ఇప్పుడు అమ్మ మాట పలచగా, గాలి కలిసి వస్తుంది. ఒక మాట రెండోసారి చెప్పాలంటే గొంతు పట్టేస్తుంది. అందుకే ఒకసారి చెప్పి ఊరుకుంటుంది. బాపు పదవీ విరమణ చేసి భూపాలపల్లి క్వార్టర్ ఖాళీ చేశాక ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. అప్పటి నుంచి ఇంట్లో పాటల చప్పుడు పెరిగింది, మాటల చప్పుడు తగ్గింది. రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

పాత స్పీకర్ల పుట్టుక గురించి చెప్పాలి. నేను పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు భూపాలపల్లిలోనే వాటిని తయారు చేశాను. లోపలి భాగాలు హైదరాబాద్ నుంచి తెప్పించాను, పెట్టెలు మా వీధిలోని వడ్రంగి చేశాడు. బాపు బొగ్గు గనిలో, మా దగ్గర దాన్ని బాయి అంటారు, పైకప్పుకు ఆసరాలు పెట్టే జట్టులో పని చేసేవాడు. ఆసరా పెట్టే ముందు ఇనుప కడ్డీతో పైకప్పును తట్టాలి. రాయి ఒక్కటిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. తట్టేటప్పుడు రెండో చేయి రాయికి ఆనించాలి. వణుకు చేతికి తెలుస్తుంది. ఈ పని చదువుకుని వచ్చేది కాదు. ఇరవై మంది ఉన్న జట్టులో ఇద్దరికో ముగ్గురికో బాగా పట్టుబడుతుంది, వాళ్ల మాట మీద మిగిలినవాళ్లు కిందికి అడుగు పెడతారు. బాపు ఆ ముగ్గురిలో ఒకడు.

ఆరోజు మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, వడ్రంగి కొట్టం దగ్గరికి వచ్చాడు. ఒక చేయి పెట్టె మీద ఆనించి, రెండో చేతి వేలి కణుపులతో పైనుంచి కిందికి నాలుగు వేళ్లకొక చోట తట్టుకుంటూ పోయాడు. మధ్యలో ఆగాడు.

"గీడ డొల్ల ఉంది. లోపట ఒక కట్టె అడ్డం వెట్టు."

"ఏందన్నా, గిది కూడ బాయే అనుకుంటున్నవా?" అన్నాడు వడ్రంగి.

"బాయైతే నిన్ను ఈడ నిలవడనియ్యకపోదును."

వడ్రంగి నవ్వుతూనే పెట్టె విప్పి అడ్డకట్టె బిగించాడు. అంతకు ముందు మద్దెల దెబ్బ పడినప్పుడల్లా వస్తున్న బుర్రుమనే మోత పోయింది. పెట్టె గోడ వణకడం గురించి పుస్తకంలో నేను చదివింది ఆ తర్వాత ఏడాదికి.

అందుకే కొత్త స్పీకర్లు ఇంటికి వచ్చిన శనివారం, అట్టపెట్టెలోంచి తీయగానే, నేను ముందు బాపునే పిలిచాను. ఆయన అలవాటు ప్రకారమే తట్టాడు. పైన, పక్కన, వెనక, అడుగున. ఎక్కడా ఆగలేదు.

"ఒక్క తీరుగ ఉంది. గట్టి రాయి. తీస్కో బిడ్డా," అన్నాడు.

తీసుకోమని ఆయన అంత తొందరగా ఏ వస్తువు గురించీ చెప్పలేదు. నాకు ధైర్యం వచ్చింది. అయినా పరీక్ష పరీక్షే. ఇంట్లో పెట్టుకుని విను తమ్మీ, దుకాణంలో అన్నీ మంచిగానే పలుకుతాయి అని ఆ దుకాణాయన కూడా అన్నాడు.

ఆదివారం పద్ధతి ఇది. ముందు చీర లేకుండా రెండు జతలూ వినిపించాను. తర్వాత చీర కట్టి, నాణెం ఎగరేసి, బొమ్మ పడితే పాతవి, అంకె పడితే కొత్తవి. ఒక్కొక్కరికి పది సార్లు, ఒక్కోసారి ఇరవై సెకన్లు. ఎవరికి నచ్చిన ముక్క వాళ్లు ఎంచుకోవచ్చు. నా భార్య వేణువు కోరుకుంది. అమ్మ కోలాటం పాట అడిగింది. బాపు డప్పు అడిగాడు, చిట్యాలలో మా బంధువుల పెళ్లిలో నేను ఫోనుకు మైకు తగిలించి రికార్డు చేసింది.

కుర్చీ వేస్తే బాపు వద్దన్నాడు. గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుని, కుడి అరచేయి నేల బండ మీద పరిచి, కళ్లు మూసుకున్నాడు. నా కాగితంలో 'కూర్చున్న తీరు' అని ఒక గడి ఉంది. అందులో సరిగ్గా అదే రాశాను: నేల మీద, గోడకు వీపు, కుడి చేయి బండ మీద.

నా భార్యకు పదిలో ఎనిమిది వచ్చాయి. అమ్మకు ఆరు. ఆరో, ఏడో, నాకు పోటీ పెట్టకు, రెండూ పాటే పాడుతున్నాయి అంది అమ్మ. బాపుకు పదికి పది.

ఒక్కసారి కూడా తడబడలేదు. డప్పు మొదలైన మూడు నాలుగు సెకన్లకే చెప్పేశాడు. ఎలా తెలుస్తోంది అని అడిగితే కాసేపు ఆలోచించాడు.

"కొత్తయి నిమ్మలంగ ఉన్నయిరా. పాతయి గలాట జేస్తున్నయి."

నేను మురిసిపోయాను. బాపు మాటను నా భాషలోకి మార్చి, 'డిస్టార్షన్ తక్కువ' అని రాసుకున్నాను. ముప్పై ఏళ్లు రాయిని విన్న చెవులు ఇవి అని నా భార్యకు రెండుసార్లు చెప్పాను. తను గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆ సంతోషంలోనే ఆగిపోవలసింది. కానీ మంగళవారం డ్యూటీలో కూర్చుని కాగితాలు మళ్లీ చూస్తుంటే ఒక లోపం కనబడింది. కొత్త స్పీకర్లకు అడుగున రబ్బరు కాళ్లున్నాయి. పాతవి నేరుగా బండ మీద ఉన్నాయి. పోటీ సమానంగా లేదు. బుధవారం నాకు సెలవు. పాత సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు మడతలు పెట్టి పాత స్పీకర్ల కింద కూడా వేశాను. మళ్లీ చీర, మళ్లీ నాణెం. నా భార్య ఆ పూట బడికి వెళ్లలేదు, తనకు మళ్లీ ఎనిమిదే. అమ్మకు ఏడు.

బాపు అదే చోట అలాగే కూర్చున్నాడు. డప్పు మొదలైంది. ఇరవై సెకన్లూ అయిపోయాయి. చెప్పలేదు. మళ్లీ పెట్టమన్నాడు. అరచేయి కొంచెం ముందుకు జరిపాడు. తర్వాత రెండు చేతులూ పరిచాడు. ఆరోసారికి మడమ కూడా బండకు నొక్కి పెట్టాడు. నేను అవన్నీ గడిలో రాస్తూనే ఉన్నాను. పదిలో నాలుగు వచ్చాయి. నాణెం ఎగరేసి చెప్పినా అయిదు వచ్చేవి.

"ఇయ్యాల మనసు వెట్టలే," అని లేచి, కూరగాయల సంచి పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. కూరగాయలు పొద్దున్నే తెచ్చాం.

నేను కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా భార్య వచ్చి స్విచ్చు డబ్బా ఆపింది.

"నువ్వు స్పీకర్లకు పరీక్ష పెడుతున్న అనుకుంటున్నవు. మామయ్య తనకే పెడుతున్నవని అనుకుంటుండు," అంది.

అప్పుడు తను చెప్పిన మూడు సంగతులు ఏ కాగితంలోనూ లేవు. ఒకటి, బాపు కుక్కర్ కూతలు లెక్కపెట్టడం మానేసి ఏడాది దాటింది. ఇప్పుడు ఆవిరి చూసి పొయ్యి ఆపుతాడు. రెండు, గేటు చప్పుడు విని కాదు, వచ్చేవాళ్ల నీడ చూసి లేస్తాడు, అందుకే ఎప్పుడూ తలుపుకు ఎదురుగా కూర్చుంటాడు. మూడు, ఫోనులో ఎవరితో మాట్లాడినా తనే మాట్లాడుతూ పోతాడు, అవతలివాళ్లు చెప్పేదానికి ఆఁ ఆఁ అని పెట్టేస్తాడు. ఇవి నీకు ఎలా తెలుసు అని అడిగాను. ఇంట్లో ఉంటే తెలుస్తాయి అంది. నేనూ ఇంట్లోనే ఉన్నాను.

ఆదివారం కాగితం తీసి 'కూర్చున్న తీరు' గడి చదివాను. కుడి చేయి బండ మీద. పాత స్పీకర్లు పలికినప్పుడు బండ వణికింది. కొత్తవి పలికినప్పుడు రబ్బరు కాళ్ల వల్ల బండ నిమ్మళంగా ఉంది. బాపు ఉన్నదున్నట్టే చెప్పాడు. నా పరీక్షలో తప్పు లేదు, నేను కొలిచింది చెవులను కాదు, అంతే. మీట మూడు నుంచి ఆరుకు జరిగింది స్పీకర్ల వల్ల కాదు. రెండేళ్లు ఆ అంకెలు నేనే రాశాను.

గురువారం దుకాణాయనకు ఫోను చేసి వాపసు ఇస్తానని చెప్పాను. ఏమైనా లోపముందా అని అడిగాడు. లేదన్నాను. సోమవారం లోపల తెచ్చివ్వమన్నాడు. వినలేని మనిషి ముందు మంచి స్పీకర్లు పెట్టి నేనొక్కడినే వినడం నాకు మోటుగా అనిపించింది. ఎవరితోనూ చర్చించలేదు. శనివారం మధ్యాహ్నం అట్టపెట్టెలు దించి, ఒక స్పీకరును థర్మాకోల్‌లో కూర్చోబెడుతుంటే బాపు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"గవి ఎటు పోతున్నయిరా?"

దగ్గరికి జరిగి, కొంచెం గట్టిగా, వాపసు ఇస్తున్నానని, మనకు అవసరం లేదనిపించిందని చెప్పాను.

"పదికి పది జెప్పిన గద. గవే మంచియి."

నేను వంగి, కుడి అరచేయి బండ మీద పరిచి, ఆయన వైపు చూశాను.

బాపు చాలాసేపు నా చేయినే చూశాడు. తర్వాత ఖాళీ అట్టపెట్టె పక్కన నేల మీద కూర్చున్నాడు. తొమ్మిదేళ్ల కిందటి సంగతి చెప్పాడు. ఒక రోజు రెండో షిఫ్టులో పైకప్పు తట్టాడు. ఖంగుమన్నట్టే వినిపించింది. జతగాడిని రమ్మని చెప్పబోతూ చేయి తీస్తుంటే అరచేతిలో వణుకు తేడాగా తగిలింది. మళ్లీ తట్టాడు. చెవికి అదే ఖంగు. చేతికి డొల్ల. జతగాడి చొక్కా పట్టి వెనక్కి లాగాడు. కాసేపటికి ఒక రాతి పలక ఊడి పడింది. పెద్దదేమీ కాదన్నాడు, రెండు చేతులూ చాచి చూపించాడు. ఒక మనిషి వెడల్పు ఉంది.

"చేతికి ఎర్కైంది, చెవికి ఎర్క కాలే. నా మాట మీద ఇరవై మంది దిగుతరు. గా దినం బుగులుపడ్డ."

ఆ భయంతో మరుసటి వారమే, గనిలోకి దిగకుండా పైపని కావాలని అర్జీ పెట్టుకున్నాడు. చెవుల పేరు చెప్పలేదు. మోకాళ్లు నొస్తున్నాయన్నాడు. ఇంట్లోనూ అదే చెప్పాడు. తొమ్మిదేళ్లుగా అమ్మ రోజూ పొద్దుగూకే వేళ ఆయన మోకాళ్లకు నువ్వుల నూనె రాస్తోంది. ఆ మోకాళ్లకు ఏ నొప్పీ లేదు.

అమ్మ అప్పటికే వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. వచ్చి బాపు ఎదురుగా, మొహంలో మొహం పెట్టి కూర్చుంది.

"మోకాళ్లు నొచ్చేటోడు బస్సు ఎనుక ఉరికి ఎక్కుతడా? నాకు ఎప్పుడో ఎర్కే."

"ఎర్కైతే గిన్నేండ్ల సంది నూనె ఎందుకు రాసినవే?"

"నూనె రాసేటప్పుడే గద నువ్వు నా మొఖం జూసేది."

నేను థర్మాకోల్ ముక్కను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. అమ్మ నూనె రాసే ఆ పావుగంట నాకు బాగా తెలుసు. బాపు గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంటాడు, అమ్మ ఎదురుగా కూర్చుని ఏదో చెబుతూ ఉంటుంది, ఆయన ఆమె పెదవుల వైపే చూస్తూ జవాబిస్తుంటాడు. ఏం మాట్లాడుకుంటున్నారో ఎప్పుడూ వినలేదు. సన్న గొంతు కదా, నాకూ వినబడదు.

బాపు నా వైపు తిరిగాడు.

"నాకు ఇనబడకుంటే నువ్వు ఇనుడు బంద్ జేస్తవా? గదేం లెక్కరా?"

అప్పుడు నేను ఎనిమిదో కారణం చెప్పాను. ఎవరి కోసం కొనాలనుకున్నానో, వాల్యూమ్ మీట అంకెలు ఎలా రాసుకున్నానో మొత్తం చెప్పాను. బాపు నవ్వాడు. అయిదు నెలలుగా ఆ హనుమకొండ దుకాణం చుట్టూ నేను తిరగడం చూసి, కొడుకు ఆశ పడ్డాడు, తను మంచివి అంటే కొంటాడు అనుకున్నాడట. అందుకే పెట్టెను తట్టగానే తీసుకోమన్నాడు. అందుకే ఆదివారం అంత జాగ్రత్తగా కూర్చున్నాడు.

"ఒకల కోసం ఒకలం ఉత్తగ పరేషాన్ అయినం," అన్నాడు.

మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటారు. నా భార్య పుట్టిల్లు అక్కడే. తన చెల్లెలు అక్కడ ఒక చిన్న క్లినిక్‌లో చెవి పరీక్షలు చేస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఇన్నేళ్లలో బాపు ఒక్కసారి కూడా ఆ క్లినిక్ గడప తొక్కలేదు. ఇప్పుడు నా భార్య ఆ మాట ఎత్తగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. చెవికి మిషన్ పెట్టుకుని వీధిలో నడిస్తే పనికిరానోడని చూస్తారు అన్నాడు.

అమ్మ ఆయన మోకాలి మీద చేయి వేసింది.

"గొంతు పోయినంక నేను పనికి రాకుంట పోయిన్నా?"

బాపు లేచి, నేను థర్మాకోల్‌లో పెట్టిన స్పీకరును బయటికి తీసి, దాని చోట దాన్ని పెట్టాడు. బరువు పద్దెనిమిది కిలోలు. సాయం చేయబోతే చేయి అడ్డం పెట్టాడు. ఇవి ఇక్కడే ఉంటేనే నేను మానుకోట వస్తాను అన్నాడు. షరతు కుదిరింది. దుకాణాయనకు మళ్లీ ఫోను చేస్తే, నాకు తెలుసు తమ్మీ, గురువారం నీ గొంతు వినగానే తెలుసు అన్నాడు. ఏం తెలుసో నేను అడగలేదు. పాత స్పీకర్లను మా పడకగదిలోకి మార్చాను, చిట్లిన అంచుకు కొత్తది అతికించాను.

తర్వాతి గురువారం పొద్దున పాసింజర్ రైల్లో నలుగురం మహబూబాబాద్ వెళ్లాం. రైల్లో బాపు కిటికీ పక్కన కూర్చుని, ఎన్నడూ లేనిది, తనకు ఏయే శబ్దాలు వినబడవో ఒకటొకటిగా అమ్మకు చెబుతూ వచ్చాడు. దాచుకున్నవన్నీ బయట పెట్టే హుషారు అది. అమ్మ తలాడిస్తూ, ఇది నాకు తెలుసు, ఇది తెలియదు అని విడదీసి చెప్పింది.

క్లినిక్‌లో మరదలు బాపును అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి గంట సేపు పరీక్ష చేసింది. కాగితం మీద గీత ఎడమ వైపు సమంగా ఉండి, కుడి వైపుకు పోయేకొద్దీ కిందికి జారిపోయింది. బరువు శబ్దాలు బాగానే అందుతున్నాయి, సన్నవి అందడం లేదు, ఏళ్ల తరబడి డ్రిల్లు మిషన్ల పక్కన ఉన్నవాళ్లలో ఇలాగే ఉంటుంది అని వివరించింది. డప్పు ఎందుకు కోరుకున్నాడో, అమ్మ మాట ఆయనకు ఎందుకు అందకుండా పోయిందో ఆ ఒక్క గీతలో ఉంది. ఆ కాగితం నకలు ఒకటి కావాలని నేను నోరు తెరవకముందే, నీకొకటి ముందే తీసిపెట్టినా బావా అంది.

చివర మాటల పరీక్ష. రెండక్షరాల మాటలు ఇరవై ఐదు ఉన్న కాగితం. చదివేవాళ్లు నోటికి అట్ట అడ్డం పెట్టుకుంటారు, వినేవాళ్లు తిరిగి చెప్పాలి. మరదలు చదివితే బాపు పదకొండు చెప్పాడు. ఇంట్లో ఆయనతో ఎక్కువగా మాట్లాడేది ఎవరు అని అడిగి, ఇంకో కాగితం అమ్మ చేతికి ఇచ్చి ఆమెనూ చదవమంది. అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివింది. బాపు అట్ట వైపే చూస్తూ కూర్చున్నాడు. మూడు చెప్పాడు. మూడోది చెప్పాక ఇక ప్రయత్నించడం కూడా మానేసి కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. అమ్మ మాత్రం ఆపలేదు, ఇరవై ఐదూ చదివింది.

మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాం. మిషన్లు రెండు, ఒక్కో చెవికి ఒకటి, చిక్కుడు గింజంత. మరదలు వాటిని బాపు చెవుల వెనక అమర్చి, కంప్యూటరుకు కలిపి సరిచేసింది. మొదట బాపు తల పక్కకు తిప్పి ఫ్యాను వైపు చూశాడు. గింత లొల్లి జేస్తదా గిది అన్నాడు. తర్వాత తన చొక్కా జేబును గోటితో గీకి చూసుకున్నాడు. నా భార్య కొంగు సర్దుకుంటే అటు తిరిగాడు. మరదలు మాటల కాగితం తీసి అట్ట అడ్డం పెట్టుకుని చదివింది. ఇరవై చెప్పాడు.

మరదలు కాగితం మడవబోయింది. బాపు చేయి ఎత్తి ఆపాడు.

"జర ఆగు బిడ్డా. గిప్పుడు ఆమెతోని చదివియ్యి."

అమ్మకు వేరే కాగితం ఇచ్చారు. ఆమె కళ్లజోడు సర్దుకుని, అట్ట నోటికి అడ్డం పెట్టుకుంది. ఎప్పటిలాగే పలచగా, గాలి కలిసిన గొంతుతో, ఒక్కొక్క మాటా వేలు పెట్టి చదివింది. కొన్ని మాటలు బాపు వెంటనే చెప్పాడు. కొన్నింటికి కళ్లు మూసుకున్నాడు. రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. పదిహేనో మాట దగ్గర అమ్మ గొంతు పట్టేసింది. అట్ట పక్కన పెట్టి నీళ్లు తాగింది.

"ఆగినవేంది? చదువు. ఇంటున్న," అన్నాడు బాపు.

అమ్మ మళ్లీ అట్ట ఎత్తుకుని మిగిలిన పదీ చదివింది. మరదలు ఒక్కొక్కదానికీ టిక్కు పెడుతూ పోయింది. చివరి మాట అయ్యాక కాగితం నా చేతికి ఇచ్చి లెక్కపెట్టమంది. రెండుసార్లు లెక్కపెట్టాను.

ఇరవై ఐదులో పదిహేడు.